తోటాల లెక్క

"తుపాకి పోతే ఊరంతా తెలుస్తుంది. తోటా పోతే ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు" అని మా కలెక్టరాఫీసు మెజిస్టీరియల్ సెక్షన్లో సీనియర్ గుమాస్తా ఒకాయన అంటుండేవారు. ఆయుధ లైసెన్సుల దస్త్రాలు నా సీటులో ఉన్న ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎంత నిజమో నాకు బాగా బోధపడింది. పింఛను, డి.ఏ. విషయాలు మిత్రులు ఎలాగూ వ్రాస్తారు గనుక, ఈ ప్రత్యేక సంచికకు నేను తోటాల లెక్క చరిత్రను ఎంచుకున్నాను.

ఈ లెక్కకు మూలం లార్డ్ లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన 1878 నాటి ఆయుధాల చట్టం. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి గాని, మందుగుండు గాని ఉంచుకోరాదన్నారు. తెల్లవారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1887లో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ చట్టంపై తీర్మానం చేసింది గాని, ప్రభుత్వం వినలేదు.

తోటాల లెక్క అనగానే మన ప్రాంతంవారికి మన్యం గుర్తుకు రావాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి తుపాకులు, తోటాలు పట్టుకుపోయారు. ఏమేమి తీసుకున్నదీ స్టేషను రికార్డులో వ్రాసి సంతకం పెట్టడం ఆయన పద్ధతి. సర్కారును ఎదిరించినవాడు కూడా సర్కారు పుస్తకంలో లెక్క తప్పనివ్వలేదు!

స్వాతంత్ర్యం తర్వాత పాత చట్టం స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది. నిబంధనలతో సహా 1962 అక్టోబరు 1 నుండి అమలైంది. దీని క్రింద ఇచ్చే లైసెన్సు పుస్తకంలో తోటాలకు రెండు అంకెలుండేవి. ఒకేసారి దగ్గర ఉంచుకోదగినవి ఎన్ని, సంవత్సరంలో కొనదగినవి ఎన్ని అని. చాలామంది రెండవ అంకెనే చూసుకునేవారు. ఒకేసారి 50 ఉంచుకోవచ్చునని ఉండి, ఇంట్లో 45 మిగిలి ఉంటే, ఆ రోజు కొనదగినవి అయిదే. ఏడాది కోటా ఎంత మిగిలినా సరే.

ఇక్కడే అసలు చిక్కు. తోటాలు అమ్మిన డీలరు తేదీ, రకం, సంఖ్య లైసెన్సుపై వ్రాసి సంతకం చేస్తాడు. తన రిజిస్టరులోనూ వ్రాసుకుంటాడు. అంటే వచ్చిన తోటా రెండుచోట్ల నమోదవుతుంది. కాల్చిన తోటా ఎక్కడ నమోదవుతుంది? సొంతదారు వ్రాసుకుంటేనే. జమ సర్కారు దగ్గర ఉంది, ఖర్చు మనిషి జ్ఞాపకంలో ఉంది. ఆ మనిషి పోతే ఖర్చు కూడా పోతుంది.

1984లో మన రాష్ట్రంలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయిన తర్వాత కాలం చేసిన ఒక మాజీ మునసబుగారి దస్త్రం నాకింకా జ్ఞాపకం. అడవిపందుల నుండి చెరుకు తోట కాపాడుకోవడానికి ఆయనకు 12 బోరు తుపాకి ఉండేది. ఆయన భార్య తుపాకితోపాటు ఒక నలభై పేజీల నోటుపుస్తకం తెచ్చింది. కొన్నవి 75. కాల్చినవి 58. వానకు చెమ్మ తగిలి అట్ట గొట్టాలు ఉబ్బిపోగా డీలరుకు అప్పగించినవి 6. మిగిలినవి 11. డబ్బా విప్పితే సరిగ్గా 11 ఉన్నాయి. ఆ రోజే స్టేషనులో జమచేసుకుని రసీదు ఇచ్చారు.

అదే ఏడాది మరో కుటుంబం వచ్చింది. లైసెన్సు మీద 40 కొన్నట్టుంది, డబ్బాలో 14 ఉన్నాయి. తక్కిన 26 ఏమయ్యాయన్న ప్రశ్నకు ఆ తల్లి దగ్గర జవాబు లేదు. "ఆయన కాల్చేవారు బాబూ, ఎన్నో నాకేం తెలుసు?" అన్నది. తప్పు చేయనివారే. అయినా విచారణ పేరిట ఏడు నెలలు తిరిగారు. ఆ రెండు కుటుంబాలకూ తేడా ఒక్క నోటుపుస్తకం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు రోజులు చెల్లాయి. తుపాకులు గోడకెక్కాయి, తోటాలు అటకెక్కాయి. అలా అటకెక్కినవే తరువాతివారికి ముప్పు. యజమాని చనిపోతే తుపాకి ఒక్కటే కాదు, తోటాలు కూడా ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని జమచేయాలని చట్టంలోని 21వ సెక్షను చెబుతున్నది. తన దగ్గర ఉన్నదని తెలిసి ఉంచుకోవడమే నేరానికి కీలకమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కాని ఆ సంగతి కోర్టులో నిరూపించుకునేదాకా పడే తిప్పలు ఎవరు పడతారు?

2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. లైసెన్సులన్నీ జాతీయ డేటాబేసులోకి ఎక్కి, ప్రతి లైసెన్సుదారుకూ ఒక గుర్తింపు సంఖ్య వచ్చింది. 2019 సవరణ ఒక్కొక్కరికి ఉండదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ళ నుండి అయిదేళ్ళకు పెంచింది. ఇన్ని మారినా, కాల్చిన తోటాను కాల్చిన రోజే సొంతదారు వ్రాసుకోవలసిన అవసరం మాత్రం మారలేదు.

మన సభ్యులలో లైసెన్సు ఉన్నవారు కొందరున్నారు. వారికి నా మనవి ఒక్కటే. ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, కొన్నవి, కాల్చినవి, పాడైనవి, నిల్వ అని అయిదు గడులు చాలు. ఏటా ఒకసారి డబ్బా విప్పి లెక్కపెట్టి, నిల్వ ఎదుట సంతకం చేయండి. ఆ పుస్తకం, లైసెన్సు ఎక్కడున్నాయో ఇంటి ఇల్లాలికి, పెద్ద కొడుకుకు చెప్పి ఉంచండి. జీవితమంతా సర్కారు లెక్కలు సరిచూసినవాళ్ళం. మన ఇంటి డబ్బాలో ఎన్ని తోటాలున్నాయో మన తర్వాత మనవాళ్ళు చెప్పలేని స్థితి రానివ్వరాదు.

— ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి