ఇంటిపేరు మారిన బాక్టీరియా

పరదేశం వచ్చాక మన ఇంటిపేరు వెనక్కి వెళ్ళిపోయింది. సూక్ష్మజీవుల శాస్త్రం మాత్రం మన పద్ధతే పాటిస్తుంది: ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషితో ముడిపడిన ఒక బాక్టీరియాకు 2017లో ఆ ఇంటిపేరే మారిపోయింది.

భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబరేటరీలలో చేరి, అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు ఊరూరి మట్టి తెప్పించి పరీక్షించేవారు. 1945లో మిజోరీ యూనివర్శిటీ వారి పొలం మట్టిలో బంగారు ఛాయ గల జీవి ఒకటి దొరికింది. అది తయారుచేసే మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. 1948లో దాన్ని లోకానికి వెల్లడించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

డగ్గర్ ఆ జీవికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేరు పెట్టారు. రెండో మాటకు బంగారం చేసేది అని అర్థం. ఆ రోజుల్లో వర్గీకరణకు ఆధారం పైకి కనిపించే లక్షణాలే: రంగు, బీజాల గొలుసుల వంపు, ఏ చక్కెర తింటుంది అన్నవి. ముక్కూ మొహమూ చూసి "నువ్వు ఫలానా వారి అబ్బాయివి కదూ?" అన్నట్లే. ఒక్కొక్కప్పుడు నిజమే అవుతుంది.

1982లో జపానులో సతోషి ఓమురా బృందం కణపు గోడలోని ఒక ఆమ్లం తేడాను బట్టి కొన్ని జీవుల చేత వేరు కాపురం పెట్టించింది. కితసాటో అనే శాస్త్రజ్ఞుడి పేరిట వాటి ఇంటిపేరు కితసాటోస్పోరా. 1992లో వాటిని మళ్ళీ ఉమ్మడి కుటుంబంలో కలిపేశారు. 1997లో రైబోజోము ఆర్.ఎన్.ఎ. జన్యువును పోల్చి చూసి మళ్ళీ విడదీశారు! అయితే ఆ ఒక్క జన్యువు దూరపు చుట్టరికం చెప్పగలదు కాని దాయాదుల తగవు తీర్చలేదు. అందుకని ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలోని ప్రభుత్వ సూక్ష్మజీవుల భాండాగారంలో డేవిడ్ లబీడా బృందం అయిదు జన్యువులను కలిపి చదివింది. ఇవి కొంచెం తొందరగా మారేవి గనుక దగ్గరి చుట్టాల మధ్య తేడాలు కూడా బయటపడతాయి. ఆరియోఫేసియన్స్ స్ట్రెప్టోమైసిస్ వారిది కాదు, కితసాటోస్పోరా వారిదని తేలింది.

మందు అదే కదా, పేరు మారితే ఏమిటి అనవచ్చు. మందు అదే. కాని కొత్త మందుల కోసం దాని చుట్టాలను వెతికేవారు ఇన్నాళ్ళూ పొరుగింటి తలుపు తట్టినట్లయింది. పైగా 1949 నాటి పేటెంటూ, దశాబ్దాల వ్యాసాలూ అన్నీ పాత పేరుతోనే ఉన్నాయి.

నియమం ప్రకారం కొత్త పేరు పక్కన కూడా బ్రాకెట్లలో డగ్గర్ పేరు నిలిచి ఉంటుంది. సుబ్బారావు గారి పేరు అక్కడ లేదు, పేరు పెట్టింది ఆయన కాదు గనుక. మన సభల్లో ఆరియోమైసిన్‌ను ఆయనొక్కరే కనిపెట్టినట్లు చెప్పుకోవడం మాకు నచ్చదు. డగ్గర్‌ను పక్కకు తోస్తే తప్ప నిలవని గొప్ప కాదు ఆయనది. ఆ సంగతి సహోద్యోగులకు తెలుసు. లెడర్లీలో పనిచేసి తర్వాత పియోరియాకు వెళ్ళిన క్లిఫర్డ్ హెసెల్టైన్ 1953లో ఒక కొత్త బూజుకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. అందులో యల్లాప్రగడ లేదు, సుబ్బారావే ఇంటిపేరైంది.