వనము లేని సీమలో వనభోజనము

కృష్ణవేణి సముద్రమును చేరబోవుచు పాయలుగా చీలి, యుగయుగములుగా మోసికొని వచ్చిన ఒండ్రుతో తానే నిర్మించిన దివిసీమలోను, దానికి ఎగువనున్న బందరు, గుడివాడ ప్రాంతములలోను అడవి యనదగినది బహు స్వల్పము. సహజముగా మొలచినది యేదైన ఉన్నదన్న అది సొర్లగొంది, హంసలదీవి దాపుల మడ అడవియే. ఉప్పునీటి పోటుపాటులలో వేళ్లు పైకెత్తి నిలుచు ఆ చెట్లక్రింద కొంగలును పీతలును విందు చేసికొనవలసినదే గాని, మనుష్యుడు విస్తరి పరచుకొని కూర్చుండుటకు అచ్చట చోటు లేదు. అయినను కార్తికమాసము వచ్చినదన్న వనభోజనముల మాట వినబడని గ్రామము ఈ సీమలో కానరాదు. అడవి లేనిచోట చెట్లనీడను భుజింపవలెనను ఆచారము ఎట్లు వేరూనినదో, అందులకు తోటలను ఎవరు సమకూర్చిరో, ఆ తోటలలో ఎవరు కూర్చుండిరో, ఎవరు వడ్డించి కడపట తినిరో విచారించుట కొంత ప్రయోజనకరము.

కార్తికమున ప్రాతఃస్నానము, దీపము, పురాణశ్రవణము ఎట్టివో, ధాత్రీవృక్షచ్ఛాయయందు భోజనమును అట్టిదేయని పౌరాణికులు చెప్పుదురు. ధాత్రి యనగా మన యుసిరి. ఆ చెట్టు మెట్టనేలలయందును కొండవాలులయందును సుఖముగా పెరుగునది. వాన కురిసిన నెలలతరబడి నీరోడ్చని డెల్టా నల్లరేగడిలో దానిని బ్రతికించుట ప్రయాసతో కూడిన పని. అందుచేత ఈ సీమవారు శాస్త్రమును నేలకు అనుగుణముగా సవరించుకొనిరి. క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మను గ్రుచ్చి పూజించునట్లే, వనభోజనమునకు మామిడితోటయే దొరికిననాడు ఆ తోటలో నొక ఉసిరికొమ్మను నాటి, దానికి పసుపుకుంకుమలు పెట్టి, పిమ్మట మామిడినీడను విస్తళ్లు వేసిరి. ఆచారములు బ్రతికి బట్టకట్టుట ఇట్టి సర్దుబాట్లవల్లనేగాని కేవలము నిష్ఠవలన కాదని నా యభిప్రాయము.

ఇక మామిడితోట మాత్రము ఎల్లెడల దొరకునా? కార్తికము నాటికి ఈ సీమ యెట్లుండునో యెరిగినవారికి ఆ చిక్కు తెలియును. శ్రావణమున నాటిన సార్వావరి అప్పటికి వెన్ను వంచి చేలన్నింటిని కప్పివేసి యుండును. గట్లు బురదగా నుండును. కాలు పెట్టదగిన పొడినేల యనగా ఊరి మెరక, చెరువుగట్టు, కాలువగట్టు, దేవాలయ ప్రాకారము, ఎవరో ఒకరు మట్టి తోలించి మెరకచేసి పెంచిన తోట, ఇంతమాత్రమే. పూర్వము పరిస్థితి వేరు. 1833 ప్రాంతమున గుంటూరు, బందరు మండలములను పాడుచేసిన డొక్కలకరువు నాటికి ఇచ్చటి వ్యవసాయము వానదేవుని దయపై నుండెడిది. బెజవాడవద్ద కృష్ణకు 1852లో ఆనకట్ట పని మొదలుపెట్టి, ఆర్ అను ఇంజనీరు పర్యవేక్షణమున 1855 నాటికి ముగించినపిదప కాలువలు పారి, బీళ్లు మాగాణులైనవి. దివిసీమకు ఆ భాగ్యము ఆలస్యముగా పట్టినది. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున పులిగడ్డయొద్ద యంత్రములతో ఏటినీరు తోడి పోయుట మొదలైన తరువాతనే అచ్చట వరి విస్తరించినది. వరి యెంత విస్తరించెనో మెరకభూమి అంత విలువగలదై, తోట వేయుట కలిమికి గుర్తుగా పరిణమించెను. నూజివీటి మెట్టలలో మామిడి జీవనాధారము. గుడివాడ మాగాణిలో అదే మామిడి ఒక హోదా.

ఆ హోదా గలవారు మొదట దేవాలయములవారు, జమీందారులు, పిదప పెద్దరైతులు. చల్లపల్లి రాజధానిగా వెలసిన దేవరకోట సంస్థానమునకు దివిసీమలో గల పలుకుబడి యెట్టిదో చెప్పనక్కరలేదు. ఇట్టి ప్రభువుల తోటలలోను, వారిని చూచి తోటలు వేసిన కామందుల తోటలలోను కార్తికమున ఒకనాడు ద్వారము తెరచుట పుణ్యకార్యముగను మర్యాదగను చెల్లినది. ముందునాడే పాలేళ్లు పోయి గాడిపొయ్యిలు త్రవ్వవలెను. గుండిగలు, గంగాళములు బండ్లకెక్కించవలెను. తెల్లవారుసరికి వంటబ్రాహ్మణులు పొయ్యి వెలిగింపవలెను. స్త్రీలు గూడుబండ్లలో వచ్చుదురు. కాలువ దగ్గరనున్న ఊళ్లవారికి పడవయే బండి. కందబచ్చలి, పులిహోర, ఉసిరికాయ పచ్చడి, గుమ్మడికాయ పులుసు, చక్కెరపొంగలి, వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఆ యేటి వనభోజనమును గూర్చి మరుసటి కార్తికము వరకు చెప్పుకొందురు. ఇంటి గడప దాటుటకు పెండ్లియో తిరునాళ్లయో కావలసిన ఆ కాలపు గృహిణికి, మగవారి కన్నులెదుట చెట్టుక్రింద కూర్చుండి గట్టిగా నవ్వుటకు శాస్త్రమే అనుజ్ఞ ఇచ్చిన దినము ఇది యొక్కటి. పురాణమున చెప్పిన ఫలముకంటె ఈ ఫలమే ఆచారమును నిలిపినదని నేను తలంతును.

తోటలకు కొరతయైన బందరు, చిత్రముగా, ప్రపంచమునకు తోటలను ఎగుమతి చేసిన పట్టణము. డచ్చివారు పదునేడవ శతాబ్ది తొలియేండ్లలోను, ఆంగ్లేయులు 1611లోను ఇచ్చట వర్తకశాలలు పెట్టుటకు ముఖ్యకారణము అద్దకపు బట్టలే. 1618 మొదలు నాలుగేండ్లపాటు ఆంగ్ల వర్తకుల పక్షమున బందరున, అనగా మచిలీపట్టణమున, నుండిన విలియం మెథ్వోల్డు, కలముతో వ్రాసిన ఈ బట్టలను, గుడ్డ చినుగువరకు వదలని వాని రంగులను ప్రశంసించెను. కరక్కాయరసమును పాలతో కలిపి బట్టకు పట్టించుట, పటికతో ఎరుపును, ఇనుపతుక్కు బెల్లముతో పులియబెట్టిన కసిమితో నలుపును తెప్పించుట, నీలిమందు తొట్టిలో ముంచుట, పారునీటిలో మరల మరల జాడించుట, ఇన్ని పనులు ఒక బట్టకు జరుగవలెను. ఎర్రరంగునకు ప్రాణమైన చిరువేరు ఈ తీరపు ఇసుకనేలలలో మేలైనది దొరకెడిది; పెటపోలి, అనగా నేటి నిజాంపట్టణపు చిరువేరును మెథ్వోల్డు ప్రత్యేకించి పేర్కొనెను. వరికి పనికిరాని ఉప్పుగాలి తగిలిన ఇసుక, బట్టపై పూచు తోటకు రంగునిచ్చినది.

ఆ బట్టలపై కనబడునది యేమి? కొమ్మకొమ్మకు వేరువేరు పూలు పూచిన మహావృక్షము, దాని మొదట లేళ్లు, నెమళ్లు, సరువు వృక్షములు, పుష్పలతలు. గోల్కొండ కుతుబ్షాహీల పోషణమున, పారసీకుల అభిరుచిని గమనించి అద్దకపువారు కల్పించిన లోకమది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ చిత్రశాలలో నున్న పదునేడవ శతాబ్దపు గోల్కొండ కలంకారీ రుమాళ్లపై స్త్రీపురుషులు ఉద్యానములందు కూర్చుండి పానపాత్రలు చేతబట్టి సల్లాపములాడుచుందురు. అది వనభోజనమే; వంటవారు కనబడరంతే. ఇట్టి బట్టలు గోడలకు, నేలపై పరచుటకు మాత్రమేగాక గుడారములకు లోపలివైపు కుట్టుటకును, కనాతులుగా చుట్టు నిలుపుటకును పోయినవి. చెట్టులేని మైదానమున విడిది చేసిన ప్రభువు చుట్టు నాలుగు కనాతులు లేచినంతనే తోట లేచినట్లు! ఎవరి తోటలోనో కూర్చుండు అతిథులకొరకు పూలు వ్రాసిన ఆ చేతులు తాము వెచ్చించిన శ్రమకు ఏ నీడను పొందినవో చరిత్రకారులు వ్రాయలేదు. నేడు పెడనలో అచ్చుదిమ్మెలతో ఆ విద్య నిలిచియున్నది.

కార్తికమును గూర్చి చెప్పుచు ఒక సంగతి విడుచుట తగదు. కడుపు నింపుకొనుటకు బయటికి రమ్మని శాస్త్రము పిలుచు ఈ మాసమే బంగాళాఖాతము కల్లోలపడు మాసము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, అనగా దీపావళి గడచిన రెండవనాడు, సముద్రము బందరుపై విరుచుకుపడి ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు కార్తిక శుద్ధముననే, నాగులచవితి గడచి క్షీరాబ్ధి ద్వాదశి రాకమునుపే వచ్చినది. మృతులు పదివేలకు పైబడిరి. ఉప్పునీరు నిలిచిన నేలలో తోట వెంటనే కోలుకొనదు. చెట్టు కూలకపోయినను వేరు చచ్చును. మరల మామిడి నాటి నీడ చూచుటకు ఒక తరము పట్టును. ఈ తీరమున నూరేండ్ల తోట కనబడినచో దానిని యజమాని దాక్షిణ్యమునకే గాక సముద్రుని దాక్షిణ్యమునకును సాక్షిగా ఎంచవలెను. తీరమువెంట సరుగుడు బారులు నాటుట గాలిని నిలుపుటకే. అవియే క్రమముగా వనభోజనములకు వనములైనవి.

ఇక పంక్తుల మాట. పురాణము చెట్టును నిర్దేశించినది గాని పంక్తిని నిర్దేశించలేదు. పంక్తిభేదము మాత్రము తోటలోనికి యజమానితో గూడ నడచివచ్చెను. గాడిపొయ్యి త్రవ్వినవానికి ఆకు కడపట, తోట అంచున పడెడిది. దీనిని ప్రశ్నించినవారిలో ఈ సీమలో పనిచేసిన గోరా, అనగా గోపరాజు రామచంద్రరావుగారు ముఖ్యులు. ఆయన బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రము బోధించిన అధ్యాపకులు. చెట్టును శాస్త్రదృష్టితో ఎరిగినవారు, పుణ్యదృష్టితో చూడనివారు. 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, అంటరానితనమునకు ఎదురుగా అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి సహపంక్తి భోజనములు నడిపిరి. దేవుని నమ్మని ఆయన పంక్తియే ధాత్రీచ్ఛాయకు ఎక్కువ యోగ్యమైనదని నాకు తోచును. 1948 శాసనముచే జమీందారీలు రద్దయి ప్రభువుల ద్వారములు తెరచు మర్యాద అంతరించినది. తోటలు పంచుకొనబడి, కొట్టబడి, కొన్ని చేపల చెరువులైనవి.

ఇప్పుడు కార్తిక ఆదివారములలో తోటలు అద్దెకు దొరకుచున్నవి. షామియానా, కుర్చీలు, మైకు, ముందే వండి తెచ్చిన భోజనము. ద్వారముకడ ఫలానా కులసంఘ వన సమారాధన యని పెద్ద బట్ట. నాయకుల ప్రసంగములు ముగియువరకు అన్నము చల్లారుచుండును. ఒకే తోటలో ఒక ఆదివారము ఒక కులము, మరుసటి ఆదివారము ఇంకొక కులము కూర్చుండుట నాకు వింతగా తోచును; పూర్వము ఒకే దినమున అంచునకు త్రోయబడినవాడు, నేడు తన ఆదివారమును తానే కొనుక్కొనుచున్నాడు. దీనిని కొందరు ఆత్మగౌరవమందురు, కాదనుట కష్టము.

అట్లు కులమువారీగా లెక్కింపజాలని సమూహము ఒక్కచోట కనబడును. బందరు చెంతనున్న చిలకలపూడిలో భక్త నరసింహముగారు 1929లో ప్రతిష్ఠించిన పాండురంగస్వామికి కార్తికపౌర్ణమివరకు ఉత్సవములు జరుగును; పౌర్ణమినాడు మంగినపూడికి పోయి సముద్రస్నానము చేయుట ఆనవాయితీ. బెజవాడనుండి గుడివాడ మీదుగా 1908లో బందరునకు వచ్చిన రైలు ఈ యాత్రను పల్లెలకును దగ్గర చేసినది. నేడు బస్సులును ఆటోలును ఆ పని పూర్తిచేయుచున్నవి. మంగినపూడి తీరము తెల్లని ఇసుకతో గాక నల్లని మట్టితో నుండును. స్నానముచేసి వచ్చినవారు కాళ్లు కడుగుకొనుటకే కొంత సేపు పట్టును. పిదప సరుగుడునీడలో, బస్సు నీడలో, ఏ నీడయు లేనిచో గొడుగు నీడలో క్యారియర్లు విప్పి పులిహోర పంచుకొందురు. తుఫాను హెచ్చరిక వచ్చినయేట మాత్రము అధికారులు తీరమునకు పోనీయరు. ఆ యేడు స్నానము బావికడనే, భోజనము దేవాలయ ప్రాకారముననే.