రోగిణి వాక్కు

19వ శతాబ్ది యుత్తరార్ధమునఁ బారిసు నగరమందలి సాల్పేత్రియేర్ వైద్యశాలలో షార్కో పండితుఁడు హిస్టీరియా రోగమును బరిశోధించెను. ఇది కపటనటన కాదని యాతఁడు స్థాపించుట రోగులకు మేలే యయ్యెను. అయినను వంశపారంపర్యదోషమే దీనికి మూలకారణమనియు, భయదుఃఖాదులు నిమిత్తమాత్రములనియు నాతని మతము.

ఆ వైద్యశాలవారు ప్రకటించిన గ్రంథమే యీ మతమును సంశయాస్పద మొనర్చుచున్నది. 1875లో ఒగస్తీన్ యను బాలిక యచ్చటఁ జేరెను. తల్లి కొలువుచేయు నింటి యజమాని యామెను బలాత్కరించెననియు, నటుపిమ్మటనే మూర్ఛలు పొడసూపెననియు షార్కో శిష్యుఁడగు బూర్నవీల్ వ్రాసియున్నాఁడు. మూర్ఛావస్థయం దామె యా పురుషునిఁ గూర్చియే పలవరించుచుండెను. వైద్యు లా పలుకులను వ్రాసికొనిరి. ఆమె భంగిమలకు ఛాయాచిత్రములు తీసిరి. కాని రోగమూలమును మాత్రము వంశమునందే వెదకిరి. 1880లో నామె పురుషవేషము ధరించి వైద్యశాలనుండి పాఱిపోయెను.

పిదప 1895లో వియన్నా వైద్యులు బ్రాయరు, ఫ్రాయిడు ప్రకటించిన గ్రంథమున రోగి చెప్పు కథను వినుటయే చికిత్సలో భాగమయ్యెను. అయినను యజమానికి లోఁబడి బ్రదుకు పేదకుటుంబపు నిస్సహాయత రోగకారణములలోఁ జేరుటకుఁ జిరకాలము పట్టెను. కావున నాఁటి రోగవృత్తాంతములను బరిశీలించు చరిత్రకారుఁడు వైద్యుని నిదానముతోఁబాటు రోగిణి వాక్కును గూడఁ బ్రమాణముగాఁ గైకొనవలయును.