కవరుపై తపాలా బిళ్ళల సేకరణ (శ్రీకాకుళం, విజయనగరం)

పాత తపాలా బిళ్ళను ఊడదీయకుండా, అది ప్రయాణించిన కవరుతో సహా భద్రపరిచే అభిరుచి ఇది. బిళ్ళ వెల ఎంతో చెబుతుంది. కవరు ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఎవరికి వెళ్ళిందో చెబుతుంది.

చరిత్ర: దేశమంతటా చెల్లే తపాలా బిళ్ళలు 1854లో వచ్చాయి. బ్రిటిష్ కాలంలో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. 1936లో ఒరిస్సా ఏర్పడేవరకు అది గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అందుకే చిరునామాలోని జిల్లా పేరే కవరు కాలాన్ని పట్టిస్తుంది.

కాలం గుర్తులు: అణాల బిళ్ళ ఉంటే సాధారణంగా 1957కు ముందుది, ఆ ఏడాది ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. 1971 చివర్లో వచ్చిన అదనపు 5 పైసల బిళ్ళ బంగ్లాదేశ్ శరణార్థుల సహాయానికి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15 తర్వాతిది. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు బిళ్ళ 1993లో వెలువడింది.

పరిశీలన, భద్రత: ముందువైపు పంపిన ఊరి ముద్ర, వెనుక చేరిన ఊరి ముద్ర చూడాలి. పాత ఇళ్ళలో ఉత్తరాలను ఇనుప తీగకు గుచ్చేవారు. కవరు నడుమ తుప్పు అంచుతో కనిపించే చిన్న చిల్లు ఆ అలవాటుకు సాక్ష్యం. దాన్ని అతికించి దాచకూడదు. తీరప్రాంతపు తేమకు కాగితం బూజు పడుతుంది, జిగురు కరుగుతుంది. గాలి ఆడే పొడిచోట, ఆమ్లరహిత కాగితం మధ్య ఉంచడం మేలు. లామినేషన్ చేస్తే కవరు శాశ్వతంగా పాడవుతుంది.