పాత తవ్వకాలు ఎవరివి?
చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల చరిత్ర

భూగర్భ శాస్త్రవేత్తల రిపోర్టుల్లో 'ఓల్డ్ వర్కింగ్స్' అనే మాట పదే పదే కనిపిస్తుంది. అంటే పాత తవ్వకాలు. పాత గుంటలు, రాతి ముక్కల కుప్పలు, నూరి నూరి గుంటలు పడిన బండలు ఎక్కడుంటే అక్కడే బోర్లు వేస్తారు. దక్షిణాదిలో బంగారు గనులు చాలావరకు ఇట్లా దొరికినవే. గుంట ఎంత లోతో, ఎంత పొడుగో రాస్తారు. తవ్వినోళ్ళు ఎవరో మాత్రం రాయరు. బంగారం కంపెనీ 'కనిపెట్టింది' అవుతుంది, తవ్వినోళ్ళది ఊరూ పేరూ లేని గుంట అవుతుంది.

చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర, గుడుపల్లె మండలంలో ఉన్న చిగురుగుంట, బిసానత్తం చిన్న గనులు. కోలారు బంగారు గనులున్న రాతి పట్టీయే దక్షిణంగా సాగి ఇక్కడికి వస్తుంది. పట్టీ పొడవు సుమారు 80 కిలోమీటర్లు, వెడల్పు కొద్ది కిలోమీటర్లే. 270 కోట్ల ఏళ్ళ కిందటి లావా గడ్డకట్టి, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారి నల్లటి ఆంఫిబొలైట్ రాయి అయ్యింది. ఆ రాతి పగుళ్ళలోకి లోపలి నుంచి వేడినీళ్ళు ఎక్కి వచ్చాయి. అవి చల్లారినచోట పలుగురాయి, గంధకపు ఖనిజాలు, వాటితో బాటే బంగారం మిగిలాయి. చిగురుగుంటలో బంగారం ఎక్కువగా ఈ గంధకపు ఖనిజాలతోనే కలిసి ఉంటుంది. టన్ను రాయి పగలగొడితే దొరికేది 5 గ్రాముల చుట్టుపక్కలే. కాబట్టి బంగారం అంటే ముందు రాయి మోయడం, రాయి కొట్టడం, రాయి నూరడం. ఆ పని ఈ దేశంలో ఏ కులాల నెత్తిన పడిందో వేరే చెప్పాలా?

ఒక్కచోట మాత్రం పేరు దొరుకుతుంది. 1799లో టిప్పు సుల్తాన్ పడిపోయాక మైసూరు తూర్పు సరిహద్దు సర్వేకి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, 1802లో బంగారం సంగతి విన్నాడు. చూపించినోళ్ళకు బహుమానం ఇస్తానన్నాడు. ఊరివాళ్ళు మట్టి తెచ్చి అతని ఎదుటే కడిగి బంగారపు రేణువులు చూపారు. మారికుప్పంలో పరయ కులస్తులు గుంటల్లోకి దిగి రాయి తవ్వడం అతను చూశాడు. రాళ్ళు బుట్టల్లో చేతులు మారుతూ పైకి వచ్చేవి. ఆడవాళ్ళు వాటిని బండ మీద పొడి చేసి, నీళ్ళలో కడిగేవాళ్ళు. ఏ రాయిలో ఉందో, ఏ రాయిలో లేదో చూసి చెప్పగలిగిన మనుషులు వీళ్ళు. మరి దీన్ని శాస్త్రం అనరా? చదువుకున్నోడు చేస్తే అన్వేషణ, అంటరానోళ్ళు చేస్తే కూలిపనా?

వారెన్ రాతల ఆధారంగానే 1870ల్లో లవెల్లీ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకం హక్కులు తీసుకున్నాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. ఉత్తర ఆర్కాటు నుంచి వేలాదిమంది దళితులు కోలారు చేరారు. ఇప్పటి చిత్తూరు జిల్లాలో చాలా భాగం 1911 దాకా ఆ ఉత్తర ఆర్కాటులోనిదే. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. ఆ లోతులో రాతి పేలుళ్ళు, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము. అయితే వీళ్ళు భరించి ఊరుకున్న జనం కాదు. మారికుప్పంలో అయోతీదాసు బాటలో బౌద్ధ సంఘం పెట్టుకున్నారు. 1930లో వేలిముద్రల రిజిస్ట్రేషన్‌ను ఎదిరించి సమ్మె చేశారు.

భారత్ గోల్డ్ మైన్స్ కోలారుతో బాటు చిగురుగుంట, బిసానత్తం, అనంతపురం వైపు రామగిరి గనులు కూడా నడిపింది. 2001 నాటికి అన్నీ మూతపడ్డాయి. 120 ఏళ్ళలో ఒక్క కోలారు నుంచే 800 టన్నుల దాకా బంగారం పోయింది. తవ్విన కుటుంబాలకు మిగిలింది రేకుల ఇళ్ళ లైన్లు, పని కోసం పొద్దున్నే బెంగళూరు రైలు. ఆ తర్వాత చిగురుగుంట-బిసానత్తం గనిని వేలంలో ఎన్.ఎం.డి.సి. దక్కించుకుంది.

వేలం కాగితాల్లో నిల్వలు, గ్రేడు, హద్దులు ఉంటాయి. మొదట ఈ రాయిని గుర్తుపట్టిన వాళ్ళ వాటా అనే గడి ఉండదు. చరిత్రలో పేరు లేనోళ్ళకు హక్కుల్లోనూ పేరు ఉండదు. అందుకే ఈ గుంటల చరిత్ర పాత కథ కాదు, ఇప్పటి భూమి, ఉద్యోగం, నష్టపరిహారం సంగతి. కుప్పం వైపు చదువుకుంటున్న మన పిల్లలు, పాఠాలు చెప్తున్న మన టీచర్లు ముందు ఈ పల్లెలకు పోవాలి. గనిలో దిగిన ముసలోళ్ళు ఇంకా ఉండగానే వాళ్ళ మాట రాసిపెట్టాలి. నూరుడు గుంటలున్న బండలు క్రషర్‌కి పోకముందే ఫొటోలు తీయాలి, కొలతలు రాయాలి. 'పాత తవ్వకాలు' అని రాసిన చోటల్లా 'ఎవరివి?' అని మనమే అడగాలి. జవాబు కూడా మనమే రాయాలి.