హెరాల్డ్ కారు రంగు కింద ఏముంది?

గోపాలపురం రేవు గురించి మేము రాసిన ముక్క చదివి, తరవాత ఏం రాస్తారని చాలామంది అడిగారు. ఏదో పాత కాగితాల మీద రాద్దామనుకుంటూ ఉండగా చరిత్ర తానే మా గుమ్మం దాకా వచ్చింది. దాని టైర్లలో గాలి లేదు. రంగు పొక్కిపోయింది. అయినా కొనాలా వద్దా అని నెల రోజులుగా మా ఇంట్లో అన్నదమ్ములం తగువు పడుతున్నాం. సంగతి మొదటినుంచీ చెప్తాం, కాస్త ఓపిక పట్టండి.

బరంపురం పాతపేటలో మాకు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ ఉన్నారు. బాబాయిగారు వకీలు. ఆయన పోయి చాలాకాలమైంది. పిన్నిగారు ఇల్లు ఖాళీ చేసి విశాఖలో కూతురి దగ్గరకు వెళ్లిపోతున్నారు. పెరటి షెడ్డులో బాబాయిగారి కారు ఉంది. రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్, 1964లో రిజిస్టరైన బండి. పాత ఇనుము కొనేవాడు వచ్చి తూకానికి అడిగి వెళ్లాడు. పిన్నిగారికి మనసొప్పక మాకు కబురు పెట్టారు. "మిమ్మల్ని బడికి దింపిన బండి బాబూ, వాడు గొడ్డలితో నరుకుతానంటున్నాడు" అన్నారు. ఆ మాట విన్నాక మేము బేరం ఆడగల స్థితిలో లేము.

మా తమ్ముడు దాన్ని స్పోర్ట్స్ కారు అంటాడు. పిల్లలు విని నవ్వుతారు. ఇంజను 948 సీసీ, నలభై గుర్రాలకు లోపే. అయినా వాడి మాట పూర్తిగా కొట్టేయలేం. దీని ఆకారం గీసింది ఇటలీవాడు జొవాన్నీ మికెలోత్తి. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. 1962లో అదే కంపెనీ ఈ ఛాసిస్‌నే పొట్టిది చేసి, అదే మికెలోత్తి చేత గీయించిన పైభాగం తొడిగి, స్పిట్‌ఫైర్ అని అసలైన స్పోర్ట్స్ కారు తీసింది. అంటే మన హెరాల్డ్ స్పిట్‌ఫైర్‌కి అన్నగారు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ఇరవై అయిదు అడుగుల వలయంలో చుట్టు తిరిగి వస్తుంది. పాతపేట సందుల్లో బాబాయిగారు ఒక్క తిప్పుకే బండి మళ్లించడం మేము కళ్లారా చూశాం. అంబాసిడర్ వాళ్లు ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించేవారు.

అసలు ఈ కారు మన ఊరికి ఎందుకొచ్చిందన్నది చూడాలి. మన దేశంలో కార్లు చేస్తే పూర్తిగా ఇక్కడే చేయాలి, విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మడం కుదరదు అన్న వైపు 1953లో టారిఫ్ కమిషన్ మొగ్గింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ మూట కట్టుకుని పోయాయి. ఆ తరవాత మామూలు మనిషికి మిగిలినవి ప్రధానంగా మూడు. కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్. స్టాండర్డ్ కంపెనీ మద్రాసులో 1948లోనే మొదలైంది. వాన్‌గార్డ్, ఆ తరవాత టెన్ లాంటివి చేసి, 1961లో హెరాల్డ్‌కి వచ్చింది.

మన బరంపురం కలకత్తా, మద్రాసుల నడుమ ఒకే రోడ్డు మీద, ఒకే రైలు దారి మీద ఉంది. కలకత్తాయే దగ్గర. అయినా పాత తెలుగు కుటుంబాల చూపు మద్రాసు మీదే ఉండేది. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. మన వకీళ్ల అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకి వెళ్లేవి. ఒరిస్సాలో కలిశాక పట్నా హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది, 1948లో కటక్‌లో హైకోర్టు పెట్టేదాకా. కాగితం మీద సరిహద్దు ఒక్క రోజులో మారుతుంది గానీ చదువులకి, వైద్యానికి, పెళ్లి చీరలకి మద్రాసు మెయిలెక్కే అలవాటు ఒక తరం దాకా పోలేదు. బాబాయిగారు లా చదివింది మద్రాసులోనే. కారు బుక్ చేసిందీ అక్కడే. ఒడియా మిత్రులు అంబాసిడర్ కొంటుంటే ఈయన హెరాల్డ్ తెచ్చుకున్నారు. దీన్ని రాజకీయం అనలేం. చదువుకునే రోజుల్లో మౌంట్ రోడ్డులో చూసిన కారు మీద మోజు అంతే. కానీ మా దృష్టిలో చరిత్ర చాలావరకు ఇలాంటి మోజుల్లోనే దాక్కుని ఉంటుంది.

ఇక రంగు సంగతి. అసలు తగువు అక్కడే.

ఇప్పుడు బండి ఎర్రగా ఉంది. ఎరుపంటే పేరుకే, బానెట్ మీద ఎండకి సున్నంలా పాలిపోయింది, తలుపుల అడుగున కురుపుల్లా పొక్కులు. మాకు తెలిసిన ఒక మేస్త్రిని తీసుకెళ్లాం. టింకరింగ్, పుట్టీ, ప్రైమర్, పెయింటు అన్నీ కలిపి తొంభై వేలన్నాడు. పిన్నిగారు అడిగింది లక్షా ఎనభై. మా దగ్గరున్న డబ్బు మేడ మీద కారుతున్న కప్పు వేయించడానికి దాచింది. మరదలు ఒక్కటే ప్రశ్న వేసింది, "వర్షాకాలంలో కారులో పడుకుంటారా బావగారూ?" సమాధానం చెప్పలేకపోయాం.

మేస్త్రి తలుపు తెరిచి కీలు దగ్గర బ్లేడుతో గీకాడు. ఎరుపు కింద నీలం, నీలం కింద క్రీము రంగు. పిన్నిగారు కుర్చీలో కూర్చునే ఒక్కో పొరకీ లెక్క చెప్పారు. క్రీము మద్రాసు నుంచి వచ్చినప్పటిది. నీలం పెద్దమ్మాయి పెళ్లికి వేయించినది. ఎరుపు 1999 అక్టోబరులో, ఒరిస్సా సూపర్ సైక్లోన్‌కి పది రోజుల ముందు గోపాలపురం దగ్గర తీరం దాటిన తుఫానుకి వేపకొమ్మ విరిగి కారు మీద పడ్డాక వేయించినది. ఆ రెండు తుఫానుల్లో లోకానికి రెండోదే గుర్తుంది. మొదటిది మన జిల్లాకు మాత్రమే గుర్తు. ఇక 2013 అక్టోబరు 12న ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు గాలితో గోపాలపురం దగ్గరే దిగినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయాయి. అప్పటికి బాబాయిగారు లేరు. ఉప్పు నీళ్లు కొట్టిన బండిని ఎవరూ కడగలేదు. ఆ పొక్కులు అప్పటివి.

రంగు గురించి ఒక చిన్న పిట్టకథ చెప్పాలి. మన వడ్రంగులు బీరువాకి గన్నుతో కొట్టే రంగుని ఇప్పటికీ డూకో అంటారు కదా, ఆ మాట కారుదే. కార్లు పుట్టిన కొత్తలో కుంచెతో వార్నిషు పూసి ఆరబెట్టేవారు. ఒక్కో కారుకి వారాలు పట్టేది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్‌తో డూకో అనే లాకర్ చేసింది. జనరల్ మోటార్స్ వాళ్లు 1923లో ఓక్‌లండ్ కార్లకి నీలంలో వేశారు. గంటల్లో ఆరిపోయింది. నల్ల కార్ల కాలం పోయి రంగుల కార్ల కాలం వచ్చింది అక్కడినుంచే. బాబాయిగారి క్రీము రంగు ఆ జాతిదే, పలచటి పొరలు చాలా వేసి, నీళ్లు పోసి వాటర్ పేపర్‌తో రుద్ది, పాలిష్ పట్టి మెరుగు తెచ్చేది. ఇప్పుడు వేసేది పీయూ, హార్డనర్ కలిపి కొట్టేది. గట్టిది, మెరుగు తనంతట తనకే వస్తుంది. కానీ ఆ హార్డనర్‌లో ఉండే ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు మంచిది కాదు. మేస్త్రి మూతికి జేబురుమాలు కట్టుకుని కొట్టేస్తానన్నాడు. సరైన మాస్కు మేము కొనిస్తామంటే నవ్వాడు. కారు కొన్నా కొనకపోయినా ఆ మాస్కు కొనిస్తాం.

అన్నయ్య వాదన ఏమిటంటే, రంగుకే తొంభై వేలయితే కింద ఇనుముకి ఎంతవుతుందో ఎవడికి తెలుసు? తమ్ముడి వాదన, హెరాల్డ్ మిగతా కార్లలాంటిది కాదు. ఇక్కడ తమ్ముడిదే గెలుపు. ఆ కారు కట్టేటప్పుడు ఇంగ్లండులో ఒక చిక్కొచ్చింది. వాళ్లకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని పోటీదారు బీఎంసీ కొనేసింది. దాంతో బాడీని ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, విడి ఛాసిస్ మీద బోల్టులతో బిగించే పద్ధతి పెట్టుకున్నారు. అప్పటికే మిగతావాళ్లు ఛాసిస్ లేని ఒకే పెట్టె లాంటి బాడీకి మారిపోతున్నారు. ఎవరో కంపెనీ కొనేస్తే తప్పనిసరై చేసిన పని, అరవై ఏళ్ల తరవాత బరంపురం మేస్త్రికి వరమైంది. బానెట్, మడ్‌గార్డులు కలిసి ముందుకి ఒకే ముక్కగా తెరుచుకుంటాయి. డిక్కీ, తలుపులు, వెనక భాగం విప్పి, విడివిడిగా గీకి, లోపలా బయటా రంగు కొట్టి మళ్లీ బిగించుకోవచ్చు. మొత్తం అయిదు లక్షలకు పైగా అమ్ముడైన బండి కాబట్టి ఇంగ్లండు క్లబ్బుల వాళ్లు ఇప్పటికీ విడిభాగాలు చేయిస్తున్నారు. నాలుగు తలుపుల హెరాల్డ్ మార్క్ 3 ఒక్క మన దేశంలోనే చేశారు. దాని వెనక తలుపు కావాలంటే దేవుడే దిక్కు. అదృష్టం కొద్దీ పిన్నిగారిది రెండు తలుపులది.

అయితే ఛాసిస్ పోతే మాత్రం అంతా పోయినట్టే. పైన ఎంత మెరిసినా, ఛాసిస్ పక్కలకి చాచిన చేతులు తుప్పు తినేస్తే తలుపులు సరిగా పడవు. అందుకే మేము అయస్కాంతం ఒకటి పలచటి గుడ్డలో చుట్టి బండి చుట్టూ తిప్పాం. ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. బానెట్ మీద అతుక్కుంది. వేపకొమ్మ పడ్డ చోట జారింది. డ్రైవరు వైపు తలుపు అడుగున అయితే అయస్కాంతం చేతిలోంచి కింద పడింది. మేస్త్రి తల గోక్కుంటూ "పుట్టీ కాదన్నయ్యా, అక్కడ సిమెంటేమో" అన్నాడు.

కాగితాల సంగతి ఇంకో కథ. నంబరు ఓఆర్‌జీ అక్షరాలతో ఉంది, గంజాం జిల్లా పాత సిరీస్. తరవాత ఓఆర్ 07 అయింది, రాష్ట్రం పేరు మారాక ఇప్పుడు ఓడీ 07. ఆర్‌సీ ఇంకా బాబాయిగారి పేరునే ఉంది. ముందు ఫారం 31 మీద పిన్నిగారి పేరుకి మారాలి. ఆ తరవాతే ఫారం 29, 30 మీద మా పేరుకి. రెన్యువల్ ఎప్పుడో తప్పిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి ఆలస్యానికి నెలకు 500 రూపాయల చొప్పున అదనపు రుసుముంది. ఇదంతా ఒకెత్తు. ఆర్‌సీలో రంగు "క్రీము" అని ఉంది. నీలం, ఎరుపు రెండూ రాయించనేలేదు. రంగు మారిస్తే ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో ఎక్కించాలి. ఇప్పుడు ఎర్ర కారుతో వెళ్తే ఇది ఆ కారేనా అని అడుగుతారు, అడగడం న్యాయమే.

యాభై ఏళ్లు దాటిన బండికి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అని కొత్త పద్ధతి పెట్టారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అని వస్తుంది. కానీ దాంతో మామూలుగా రోడ్డు మీద తిరగకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే. మాకు కావలసింది ఆదివారం సాయంత్రం గోపాలపురం దాకా పదహారు కిలోమీటర్లు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లడం. షోకేసులో పెట్టుకునే కారు మాకెందుకు? కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే, ఫిట్‌నెస్ పరీక్షే, అయిదేళ్లకోసారి రెన్యువలే.

స్టాండర్డ్ కంపెనీ ఏమైందని అడుగుతారు. హెరాల్డ్ తరవాత 1972లో గెజెల్ తెచ్చారు. హెరాల్డ్ వెనక చక్రాల ఏర్పాటు మన గోతుల రోడ్లకి పడలేదని దానికి మామూలు యాక్సిల్ వేశారు. 1985లో రోవర్ ఆకారంతో స్టాండర్డ్ 2000 అని ఖరీదైన కారు తీశారు. చూడటానికి దొరబాబు, లోపల వాన్‌గార్డ్ కాలం ఇంజను. అప్పటికే మారుతి వచ్చేసింది. 1980ల చివరికి వండలూరు ఫ్యాక్టరీ మూతబడింది. అక్కడితో మన వైపు హెరాల్డ్‌లకి స్పేర్లూ పోయాయి, మెల్లగా బండ్లూ పోయాయి.

నిన్న మళ్లీ కూర్చున్నాం. అన్నయ్య ఒక మెట్టు దిగాడు, మరదలు అరమెట్టు. పిన్నిగారితో మేము అన్నది ఇది: బండి మీద ఇంకో చుక్క రంగు ఎవరూ వేయకూడదు. ముందు బాడీ విప్పి ఛాసిస్ చూస్తాం, విప్పే కూలి మాది. ఛాసిస్ బాగుంటే మీరడిగిన ధరలో సిమెంటు తలుపు ఖర్చు తగ్గించి కొంటాం. పేరు మార్పు పూర్తయ్యాకే మిగతా డబ్బు. కప్పు పని ముందు, పెయింటు దసరా తరవాత. రంగు మాత్రం క్రీమే, ఆర్‌సీలో ఉన్నదే. పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. "నీలం బాగుండేది" అన్నారు చివరికి. తలుపు లోపలి అంచున, కీలు దగ్గర, ఆ మూడు పొరలూ కనబడేట్టు అరచేయంత చోటు గీకకుండా వదిలేయమని మేస్త్రికి చెప్పాం. అక్కడినుంచే తుప్పు మొదలవుతుందని వాడి గోల. పైన పలచగా క్లియర్ కొట్టి మూసేస్తానని చివరికి ఒప్పుకున్నాడు.

వచ్చే ఆదివారం ఛాసిస్ విప్పుతున్నాం. చూసి వచ్చాక ఫొటోలు ఇక్కడే పెడతాం. మీ ఇళ్లలో ఎవరికైనా పాత ఆల్బంలో హెరాల్డ్ ఫొటో ఉంటే, ముఖ్యంగా ముందు బంపరు, వెనక దీపాలు కనబడేది, సంఘం కార్యదర్శిగారికి ఇచ్చి పంపండి. మా దాని వెనక దీపాలు ఎవరో స్కూటరువి తగిలించారు.