చింతగింజల సైన్యం

తెలుగు పండితుడుగా ముప్పదియేండ్లకు పైగా బడిలో అక్షౌహిణి లెక్క వల్లె వేయించినవాణ్ణి. రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. ఒకటి, ఒకటి, మూడు, ఐదు అనే పాళ్ళు. అటువంటివి పద్దెనిమిది చేరితే భారతయుద్ధం. పరీక్షలో అడిగితే రెండు మార్కులు. ఈ అంకెలను ఒకసారి కంటితో చూడవలెనన్న ఆలోచన ఇన్నేండ్లలో నాకు గాని నా విద్యార్థులకు గాని కలుగలేదు. మొన్నటి ఎండాకాలం మా మనుమని పుణ్యమా అని ఆ ముచ్చట తీరింది.

హైదరాబాదులో ఇంజనీరింగు చదివే ఆ పిల్లవానికి ప్రాచీన యుద్ధాలను బల్ల మీద ఆడే అలవాటు పట్టుకున్నది. బొటనవేలి గోరంత సైనికబొమ్మలను దళాలుగా నిలిపి, టేపుతో కొలిచి నడిపిస్తారు. రెండు దళాలు ఢీకొంటే పాచికలు వేసి, ఎవరు నిలిచారో, ఎవరు వెనుదిరిగారో నిర్ణయిస్తారు. గుట్టలు, వాగులు, అడవులు అన్నీ ఆ బల్ల మీదనే. గ్రీకులు, రోమనులు, పారసీకులు మొదలుకొని మన ప్రాచీన భారత సైన్యాల దాకా ఎవరి పట్టిక వారికి ఉన్నది.

పరదేశపు వింత అని మొదట పెదవి విరిచాను గాని, కాస్త వెనుకకు పోతే అది మన చుట్టమే. చతురంగమంటే సేన యొక్క నాలుగంగాలే కదా. ఎనిమిదేసి గళ్ళ అష్టాపదం మీద ఆ నాలుగంగాలను నడిపించే ఆట ఏడవ శతాబ్దపు బాణభట్టు హర్షచరితం నాటికే శ్లేషకు పనికివచ్చేటంత ప్రసిద్ధం. ఆ ఆట పారసీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపాకు చేరింది. 1780లో జర్మనీలోని బ్రన్‌స్విక్‌లో హెల్విగ్ అనే ఆచార్యుడు చదరంగపు పలకనే పదహారు వందలకు పైబడిన గళ్ళకు పెంచి, సైనిక విద్యార్థుల కోసం యుద్ధక్రీడగా మలిచాడు. 1824లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి గళ్ళు తీసివేసి, పటం మీద పాచికలతో, మధ్యవర్తితో ఆడే నియమాలను ప్రకటించాడు. 1913లో ఆంగ్ల రచయిత వెల్స్ దానిని ఇంటి నేల మీద బొమ్మ సిపాయిలతో, బొమ్మ ఫిరంగులతో ఆడే వినోదంగా చేసి 'లిటిల్ వార్స్' అనే పుస్తకం వ్రాశాడు. ఆ మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధం.

మనుమడు తన బొమ్మలు తేలేదు. మా ఇంట్లో అది చింతపండు కొట్టి గింజ తీసే కాలం. "ఒక్కో గింజ వెయ్యిమంది అనుకుందాం తాతా" అన్నాడు. అద్దాల బీరువాలోని నిర్మల్ ఏనుగుబొమ్మ దిగివచ్చింది. పొనికి కర్రతో చేసే ఆ బొమ్మల అతుకులకు వాడేదీ చింతగింజల ముద్దే గనుక, ఆ ఏనుగుకు ఈ సైన్యం పరాయిది కాదు. చదరంగపు పెట్టెలోని గుర్రాలు ఉండనే ఉన్నవి.

మొదట ఆంధ్రుల సేనను నిలుపుదామన్నాను. క్రీ.శ. 77 ప్రాంతంలో రోమను పండితుడు ప్లినీ మన దేశపు జాతుల బలాలను లెక్కకట్టి చెప్పాడు. అవి అంతకు మూడు శతాబ్దాలకు పైగా ముందు పాటలీపుత్రంలో ఉండిన మెగస్తనీసు నుండి వచ్చిన లెక్కలని చరిత్రకారుల ఊహ. ఆంధ్రులకు అనేక గ్రామాలు, గోడలు బురుజులు గల ముప్పది నగరాలు, లక్ష కాల్బలం, రెండువేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు అన్నాడు. ఆ ముప్పది నగరాలలో కొన్నిటి ఆనవాళ్ళు మా ప్రాంతానివే అయి ఉండవచ్చునని పండితులు కొందరు భావిస్తారు. పాత కరీంనగర్ జిల్లాలోని ధూళికట్ట మట్టికోట, గోదావరి ఒడ్డున శాతవాహన శ్రీముఖుని నాణేలు దొరికిన కోటిలింగాల అటువంటివి. 2016 పునర్విభజన తరువాత మొదటిది పెద్దపల్లి జిల్లాలోనిది, రెండవది జగిత్యాల జిల్లాలోనిది.

బల్ల మీద నూరు గింజలు, రెండు గుర్రాలు, ఒక ఏనుగు నిలిచినవి. పక్కనే ఒక అక్షౌహిణిని పేర్చాము. కాల్బలం నూటతొమ్మిది గింజలు, ఇంచుమించు సమానమే. కాని గుర్రాలు అరవై ఆరు కావలె. ఏనుగులు ఇరవైరెండు, రథాలు ఇరవైరెండు. పెట్టెలోని గుర్రాలు నాలుగే. గవ్వలు, వక్కలు, చివరకు చొక్కా గుండీలు కూడా తెచ్చి నింపవలసివచ్చింది. కవి చెప్పిన సైన్యానికీ, యాత్రికుడు విన్న సైన్యానికీ ఉన్న దూరం అప్పుడు కనిపించింది. ఆంధ్రుల లెక్కలో రథం ఊసే లేదు. మేలుజాతి గుర్రం వాయవ్యం నుండి రావలసిన సరుకు. దక్కనులో అది అరుదు. ఈ నేల మీద యుద్ధమంటే ప్రధానంగా కాలినడకన పోయే మనిషి. నాగలి విడిచి ఈటె పట్టినవాడు వానిలో ఎందరో!

ఇక అసలు యుద్ధం. మనుమడు కళింగయుద్ధం ఆడుదామన్నాడు. ప్లినీ లెక్కలో కళింగులకు అరవైవేల కాల్బలం, వెయ్యి గుర్రాలు, ఏడువందల ఏనుగులు. మగధవైపు ఆరు లక్షల కాల్బలం, ముప్పైవేల గుర్రాలు, తొమ్మిదివేల ఏనుగులు. నేను కళింగం, వాడు మగధ. ఆడిన నియమాలు 1990లో ఇంగ్లాండులో వెలువడిన 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్' అనే చిన్న పుస్తకంలోనివి. అందులో ఇరుపక్షాలకూ పన్నెండేసి దళాలే. నా అరవై గింజలు పన్నెండు దళాలకు ఐదేసి వచ్చినవి. వాని ఆరువందలు యాభయ్యేసి వచ్చినవి.

"ఇదేమి న్యాయంరా, బలాలు సమానమైతే అది కళింగయుద్ధమెట్లైతది?" అన్నాను.

"సమానం లేకుంటే ఆటెట్లైతది తాతా?" అన్నాడు.

మా రచ్చబండల మీద గీసే పులిమేకలో పక్షాలు సమానం కావు. మూడు పులులు, పదిహేను మేకలు. అయినా ఇరువురికీ గెలుపుదారి ఉంటుంది. మగధకూ కళింగకూ నడుమ ఆ దారి కూడా లేకపోయింది.

ఆట ముప్పావు గంటలో ముగిసింది. నాలుగు దళాలు ముందుగా పోగొట్టుకొని, ఎదుటివాని కంటె ఎక్కువ నష్టపోయిన పక్షం ఓడినట్లు. కళింగ ఏనుగులు శ్రేష్ఠమని అర్థశాస్త్రం మెచ్చుకొన్నా నా ఏనుగు నన్ను కాపాడలేదు. ఇరవై గింజలు బల్ల దిగినవి. అంతే, ఓడిపోయాను.

పక్కనే కూర్చున్న చిన్న మనుమరాలు, "మిగిలినోళ్ళు ఏమైతరు?" అని అడిగింది.

"ఇంటికి పోతరు" అన్నాడు అన్న.

అప్పుడు అశోకుని పదమూడవ శిలాశాసనం గుర్తుకు వచ్చింది. పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు, క్రీ.పూ. 261 ప్రాంతంలో, గెలిచిన రాజు తానే చెప్పుకొన్న లెక్క అది. చెరపట్టి తరలించినవారు లక్షన్నర. చంపబడినవారు లక్ష. ఇతరత్రా చనిపోయినవారు దానికి ఎన్నో రెట్లు.

"అయితే నూరు గింజలు తీయవలె" అని ఆ పిల్ల బల్ల మీది నా గింజలన్నీ ఊడ్చింది. అరవయ్యే ఉన్నవి. "ఇంక నలభై యేవి తాతా?"

మా ఇంటావిడ ముందున్న గంపలో ఉన్నవి, ఇంకా బల్ల ఎక్కనివి. అందులోనుండి నలభై లెక్కపెట్టి తీసింది. చెరపోయిన నూటయాభై కూడా అక్కడినుండే తీసింది.

ప్లినీ అంకెలూ అశోకుని అంకెలూ ఒకే కాలానివి కావు. రెండూ గుండుసున్నాల లెక్కలే. ఒకదానిలోనుండి మరొకదానిని తీసివేసి ఇదే నిజమనడం చరిత్ర కాదు, ఆ సంగతి ఎరుగుదును. కాని చనిపోయిన, చెరపోయినవారందరూ సైనికులు కారని చెప్పడానికి ఆ తీసివేతతో పనిలేదు, శాసనమే చెబుతున్నది. తల్లిదండ్రులను, పెద్దలను సేవించుకొంటూ ఇండ్లలో ఉండే గృహస్థులు కూడా గాయపడ్డారని, వధింపబడ్డారని, తమవారికి దూరమయ్యారని అశోకుడే వాపోయాడు. ఆ వాపోతను కళింగదేశంలోని ధౌలి, జౌగడలలో మాత్రం చెక్కించలేదు. అక్కడ దాని బదులు వేరే శాసనాలు వేయించాడు. మన కర్నూలు సీమ ఎఱ్ఱగుడి బండలకు మాత్రం ఆ పద్నాలుగు శాసనాల వరుస దక్కింది. పదమూడవ శాసనంలో ఆంధ్రుల పేరు కూడా ఉన్నది.

ఆ ఆటను తప్పుపట్టను. ముప్పదియేండ్ల పాఠం నేర్పని విషయం నాకు ఒక్క పూటలో నేర్పింది. బాలురు అంకెలను వల్లె వేయడం కంటె గింజలుగా పేర్చి చూడడం మేలని నా అభిప్రాయం. అయితే పేర్చిన ప్రతిసారీ పక్కన గంపను కూడా ఉంచుకోవలె. యుద్ధనియమాలలో దానికి చోటు లేదు గనుక ఆ పని ఉపాధ్యాయుడే చేయవలె.

సాయంత్రం గింజలన్నీ మళ్ళీ గంపలో పోసి, ఏనుగును బీరువాలో పెట్టాము. ఒక గింజ బల్ల కింద మిగిలిపోయింది. మనుమరాలు దానిని వెదకి తెచ్చి, "వీడు ఎవరివాడు తాతా?" అని అడిగింది. మగధవాడో, కళింగవాడో, గంపలోనివాడో నేను పోల్చుకోలేకపోయాను.